అన్నంలో నిలబెట్టిన రెండు పుల్లలు

చైనావాళ్ళ బల్ల దగ్గర ఎలా కూర్చోవాలి, ఎలా తినాలి అన్న విషయం మీద నేను జీవితంలో ఒక్కసారే క్లాసు చెప్పాను. ఒమాన్‌లో, బహ్లా క్యాంపులో, మా రూమ్‌లో, ఒక గురువారం సాయంత్రం. విద్యార్థులు ఆరుగురు. బోర్లించిన పెయింట్ బకెట్ బల్ల, రెండు పెన్సిళ్ళు పుల్లలు, స్టీలు గిన్నెలో నానబెట్టిన శనగలు భోజనం. పద్నాలుగు నిమిషాల వీడియోలో ఆరు నిమిషాలు చూసి నేను పంతుల్ని అయ్యాను. మిగతా ఎనిమిది ఎందుకు చూడలేదంటే, ఆరు నిమిషాలకే నాకు అంతా వచ్చేసినట్టు అనిపించింది. నా చదువంతా అలాగే సాగింది. డిగ్రీ కూడా అక్కడే ఆగింది.

అప్పుడు నేను సైట్‌లో టైమ్‌కీపర్‌ని. ఎవరు డ్యూటీకి ఎన్నింటికి వచ్చారో రాసుకునే ఉద్యోగం. నేను ఎన్నింటికి వచ్చానో రాసేవాళ్ళు లేకపోవడం అందులో ఉన్న ఏకైక సుఖం. బహ్లా బయట, ఖర్జూర తోటలు అయిపోయి రాళ్ళ నేల మొదలయ్యే చోట, ఒక పెద్ద మార్కెట్ భవనం లేస్తోంది. కట్టేది చైనా కంపెనీ. ఇంజనీర్లు, టైల్స్ మేస్త్రీలు వాళ్ళవాళ్ళు. ఇసుక మోసేది, గోడలకు సిమెంటు గిలాబు చేసేది, ఆలస్యమైతే తిట్లు తినేది మావాళ్ళు. అంటే జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళం.

మా రూమ్‌లో అందరికంటే పెద్దవాడు ఒక గిలాబు మేస్త్రీ. అందరం కాకా అనేవాళ్ళం. ఆయనకు రెండు పట్టింపులుండేవి. ఒకటి ఎంగిలి. నీళ్ళ బాటిల్‌ను పెదవికి తగలనిచ్చేవాడు కాదు. నాలుక పిడచగట్టే ఎండలో కూడా తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి ధారగా పోసుకుని తాగేవాడు. రెండోది అన్నం. ముద్ద కలిపే ముందు కంచాన్ని ముట్టుకుని ఆ వేళ్ళు కళ్ళకద్దుకునేవాడు. మా మెస్ అన్నానికి మొక్కాలంటే చాలా భక్తి ఉండాలి. ఆయనకు ఉంది.

ఆయనకు జోడీ ఒక చైనా టైల్స్ మేస్త్రీ. చేతిపనిలో పెద్దవాణ్ణి వాళ్ళు షిఫూ అంటారట. సైట్ మొత్తం ఆయన్ని అలాగే పిలిచేది. వయసులో కాకాకు కాస్త అటో ఇటో. రెండేళ్ళు ఇద్దరూ ఒకే అంతస్తులో పనిచేశారు. కాకాకు చైనా భాష రాదు, షిఫూకు అది తప్ప ఇంకేదీ రాదు. ఇద్దరికీ కలిపి ఉన్నవి నాలుగు మాటలు: గుడ్, నో గుడ్, చలో, ఖలాస్. వాటితోనే రోజంతా మాట్లాడుకునేవారు. నాకు తెలిసిన కొందరు మొగుడూ పెళ్ళాలు ఇంతకంటే తక్కువ మాటలతో సంసారం నడిపిస్తున్నారు.

నిజానికి వాళ్ళ భాష టైల్. వేసిన టైల్ కింద సిమెంటు సరిగ్గా పరుచుకోకపోతే లోపల బోలు ఉంటుంది. పైకి కనబడదు, తట్టి వింటేనే తెలుస్తుంది. షిఫూ మోకాళ్ళ మీద కూర్చుని, తాపీ పిడితో ఒక్కో టైల్‌నూ తడుతూ పోయేవాడు. అవతల కాకా గోడవైపు తిరిగి గిలాబు రుద్దుతూనే, వెనక్కి చూడకుండా "నో గుడ్" అనేవాడు. షిఫూ ఆ టైల్‌ను మళ్ళీ తట్టి, చెవి ఆనించి, తల ఊపి ఊడదీసేవాడు. ఒకడి పనిలో తప్పు ఇంకొకడు వీపు తిప్పుకుని మరీ పట్టుకుంటే గొడవ కావాలి. షిఫూ మాత్రం జేబులోంచి పొద్దుతిరుగుడు గింజల పొట్లం తీసి ఇచ్చేవాడు. కాకా పొట్లాన్ని ఎత్తి, గింజల్ని కూడా పైనుంచే నోట్లో పోసుకునేవాడు.

ఆ ఏడాది ఎండలు ముదిరే ముందు, షిఫూ వాళ్ళమ్మను ఆస్పత్రిలో చేర్చారని కబురొచ్చింది. బాగా పెద్దావిడ. కంపెనీ ఆయన్ని ఆ శనివారం పొద్దున పంపించడానికి ఒప్పుకుంది. కాంట్రాక్టు కూడా ముగింపుకొచ్చింది కనుక మళ్ళీ రాడు. ఈ సంగతి నాకు చెప్పింది చైనా ఆఫీసులోని క్లర్కు. నా వయసువాడు, ఇంగ్లీషు వచ్చినవాడు. వాళ్ళ మాటలు మాకూ మా మాటలు వాళ్ళకూ మోయడం అతని డ్యూటీ.

"శుక్రవారం మధ్యాహ్నం షిఫూ మీ రూమ్‌వాళ్ళకు భోజనం పెడతాడట. ముఖ్యంగా ఆ పెద్దాయనకు" అన్నాడు. "మా పెద్దవాళ్ళకు కొంచెం పట్టింపులెక్కువ. బల్ల దగ్గర ఎలా ఉండాలో మీవాళ్ళకు నువ్వు కాస్త చెప్పు."

ఆ పని నాకు అప్పజెప్పడం అతని తప్పే. కానీ నా తప్పును దాని వెనక దాచేంత పెద్దది కాదు.

కాకా కబురు విని, కార్పెంటర్ షెడ్‌కు వెళ్ళి ఒక టేకు ముక్క అడిగి తెచ్చుకున్నాడు. గిలాబు నున్నగా రుద్దడానికి పిడి ఉన్న చెక్క పలక ఒకటి వాడతారు. పనిలో ఖాళీ దొరికినప్పుడల్లా షిఫూ కాకా చెక్కను తీసుకుని గోడ మీద రుద్ది చూసి, నవ్వి, తిరిగి ఇచ్చేసేవాడు. ఆయన చెయ్యి చిన్నది, పిడి గుప్పిట్లో ఇమిడేది కాదు. కాకా ఆ చేతికి సరిపోయేలా ఒక చెక్క తయారు చేయడం మొదలుపెట్టాడు. డ్యూటీ కాగానే మంచం మీద కూర్చుని గాజుపెంకుతో పిడిని గీకేవాడు. గీకి, గుప్పిట పట్టి చూసి, మళ్ళీ గీకేవాడు.

"రేపు తినేకాడనే ఇచ్చెయ్యరాదు కాకా?" అన్నాను.

"తిండి వెట్టినోని చేతుల గప్పుడే సామాన్ వెడితే బదులు తీర్చినట్టుంటది పిలగా. శనివారం బండెక్కేముంగట రూమ్‌కచ్చి చెప్పి పోతాండట గదా. గప్పుడిస్త. గది పద్ధతి."

పద్ధతి విషయంలో ఆ క్యాంపులో ఆయన్ని మించినవాడు లేడు. అలాంటివాడికి నేను పద్ధతులు నేర్పడానికి కూర్చున్నాను.

"ఇనుండ్రి" అన్నాను పెన్సిల్ ఎత్తి. "తలుపుకు ఎదురుంగున్న కుర్సీ పెద్దమనిషిది. ఖాళీగుంది గదా అని ఎవ్వలు పోయి కూసోవద్దు."

"మరి మనమేడ కూసోవాలె? తలుపవతలనా?" అన్నాడు బావ. బావంటే నా ఎదురు మంచం మనిషి. సైట్‌లో కంకర మిక్సర్ నడిపేవాడు. నోరు కూడా అదే పద్ధతిలో తిరిగేది.

"పెద్దాయన పుల్లలెత్తెదాంక ఎవ్వలు ముట్టద్దు. బల్ల నడుమ గాజు చక్రముంటది, దాని మీద కూరలుంటయి. పక్కోడు తీసుకునేటప్పుడు తిప్పద్దు. చాప అస్తే మీదిది తినాలె గని బోర్ల తిప్పద్దు. పుల్లలతోని గిన్నె కొట్టద్దు, అడుక్కునేటోళ్ళు గట్ల కొడ్తరట. చాయ పోస్తే రెండేళ్ళతోని బల్ల మీద తట్టాలె, అది వాళ్ళ శుక్రియా."

"జుర్రుకోవచ్చునా?"

"జుర్రుకోవచ్చు. గిన్నె నోటికాడికి ఎత్తుకోవచ్చు."

"గదైతే నాకు పుట్టుకతోనే అచ్చు" అన్నాడు బావ.

"ఇగ అసలుది. మొత్తం ఊడ్చుకొని తినద్దు. జర మిగిలియ్యాలె. ఊడ్చితే కడుపు నిండలేదనుకొని ఇంకింత తెప్పిస్తరు."

కాకా చేతిలో గాజుపెంకు ఆగింది. "అన్నం ఇడిచిపెట్టాల్నా?"

"కూరలల్ల ఇడిచిపెట్టు కాకా. అన్నం నీ ఇష్టం."

"పెద్దకూర ఉంటదా?"

"లేదు, గొడ్డుది అద్దని క్లర్కుకు ముందే చెప్పిన. చాప, కోడి, గుడ్లు, ఆకుకూర. గని ఒక్కటుంది. ప్రేమున్నోళ్ళు వాళ్ళ పుల్లలతోనే తీసి నీ గిన్నెలేస్తరు. అద్దంటే చిన్నవుచ్చినట్టు."

"నోట్లె పెట్టుకున్న పుల్లలేనా?"

"అవే."

కాకా పిడిని మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు. "సూద్దాం" అన్నాడు. తర్వాత, క్లాసు అయిపోయిందని అందరూ లేవబోతుంటే అడిగాడు: "మరి అన్నానికి ఎట్ల మొక్కుతరు?"

దానికి వీడియోలో జవాబు లేదు. కనీసం నేను చూసిన ఆరు నిమిషాల్లో లేదు. తెలియదు అంటే సరిపోయేది. కానీ అప్పటిదాకా అన్నిటికీ జవాబు చెప్పిన పంతులు చివరి ప్రశ్నకు తెలియదంటే ఏం బాగుంటుంది? ఎదురుగా గోడకు దేవుడి పటం. దాని ముందు గ్లాసులో బియ్యం, బియ్యంలో గుచ్చిన రెండు అగరుబత్తులు.

"మన లెక్కనే కాకా" అన్నాను. "అన్నం ముంగటికి రాంగనే రెండు పుల్లలు నడుమ నిలవెట్టి, కండ్లు మూసుకొని మొక్కుతరు."

పెన్సిళ్ళను శనగల్లో గుచ్చి చూపించాను కూడా. బావ దిండులో మొహం దాచుకుని నవ్వాడు. నేను తొమ్మిది నిజాలు చెప్పి పదోది కల్పిస్తానని రూమ్‌లో అందరికీ తెలుసు. కాకాకూ తెలుసు. కానీ ఆ ఒక్క మాట ఆయనకు ఎంతగా నచ్చిందంటే, అనుమానించాలని కూడా తోచలేదు.

"సూసినవా" అన్నాడు బావతో. "ఏ దేశం పోయినా అన్నానికి మొక్కుడు ఒక్క తీర్గనే."

అక్కడే చెప్పేసి ఉండాల్సింది. కానీ జోకు వేశాక అది జోకని చెప్పే అలవాటు నాకు లేదు. అదో గొప్పగా కూడా అనుకునేవాణ్ణి.

శుక్రవారం మధ్యాహ్నం చైనా క్యాంటీన్. రేకుల హాలు, పళ్ళు కొట్టుకునేంత ఏసీ, గుండ్రటి బల్ల. కాకా ఇంటికి విమానం ఎక్కేటప్పుడు వేసుకోవడానికి దాచుకున్న తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. బల్లకు అటువైపు షిఫూ, ఇంకో ముగ్గురు చైనా మేస్త్రీలు, క్లర్కు. షిఫూ కాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోమన్నాడు.

కాకా కూర్చోలేదు. నా వైపు తిరిగి మెల్లగా, "గిది పెద్దమనిషిది అంటివి గదరా?" అన్నాడు.

"ఇయ్యాల నువ్వే పెద్దమనిషివి కాకా."

"జర సరిగ సూసి చెప్పు."

"కూసో కాకా, కూరలు సల్లారుతన్నయ్" అన్నాడు బావ.

కాకా కూర్చున్నాడు, కానీ కుర్చీ అంచున. చాయ పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాడు. చైనా మేస్త్రీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని మెచ్చుకోలుగా ఏదో అన్నారు. నాకు గర్వం వచ్చింది. నా విద్యార్థి కదా.

చేప వచ్చింది, తలతో సహా. షిఫూ తన పుల్లలతో తల పక్కనుండే మెత్తటి ముక్కను జాగ్రత్తగా విడదీసి, కాకా గిన్నెలో పెట్టాడు. అంతకు ముందు ఆ పుల్లలు మూడుసార్లు ఆయన నోట్లోకి వెళ్ళొచ్చాయి. మా ఆరుగురం నమలడం ఆపి చూస్తున్నాం. ఇరవై ఏళ్ళ గల్ఫ్‌లో ఒక్క బాటిల్‌కు పెదవి ఆనించని మనిషి ఆ ముక్క వైపు చూశాడు, షిఫూ వైపు చూశాడు, చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. తర్వాత రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాడు.

షిఫూ పగలబడి నవ్వాడు. వేలి కణుపులతో తనూ బల్లను తట్టి, టైల్ మీద ఆనించినట్టు చెవి ఆనించి, కాకా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు.

"గుడ్" అన్నాడు కాకా.

ఆ భోజనం అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది రాయాల్సిన పనుండేది కాదు. కానీ కాకాకు భోజనం ఇంకా మొదలే కాలేదు. కోడి వచ్చింది, గుడ్డు వచ్చింది, ఆకుకూర వచ్చింది, ఇంకో రకం కోడి వచ్చింది. ఆయన మాత్రం మధ్యమధ్య నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు.

"అన్నం పెట్టరా?"

"లాస్టుకు పెడ్తరట కాకా."

"ఇన్ని తిన్నంక అన్నమేడ పట్టాలె?" అన్నాడు బావ.

"అన్నం రాంది తిన్నట్టెట్లయితదిరా?" అన్నాడు కాకా.

చిట్టచివరికి వచ్చింది, చిన్న చిన్న తెల్ల గిన్నెల్లో. అప్పటికి నా పదో సూత్రం నాకే గుర్తు లేదు. కాకాకు గుర్తుంది. గిన్నెను దగ్గరకు లాక్కున్నాడు. అంతసేపూ చెంచాతో తిన్నవాడు, పక్కన ముట్టకుండా ఉంచిన పుల్లలు రెండూ తీసి, అన్నం నడిబొడ్డున గుచ్చి నిలబెట్టాడు. సరిగ్గా నిలబడ్డాయా లేదా అని తల వంచి చూశాడు, గోడకు గిలాబు నిలువు చూసినట్టు. కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. పెదవులు కదులుతున్నాయి.

నేను ఏం చేశానో కూడా రాయాలి. ఫోన్ తీశాను. బావ భుజాలు నవ్వుతో ఊగిపోతున్నాయి. నేను ఫోటోకు సర్దుకుంటుంటే క్లర్కు నా మణికట్టు పట్టుకుని కిందకు నొక్కాడు. అప్పుడు తలెత్తి చూశాను. చైనావాళ్ళ వైపు ఎవరూ కదలడం లేదు.

ఇదే సినిమా అయితే సరిగ్గా ఆ క్షణాన షిఫూ ఫోన్ మోగాలి. మోగలేదు. గిన్నె పగలాలి. పగల్లేదు. షిఫూ లేచి, కాకా పక్కకు వచ్చి, ఆయన కళ్ళు తెరిచేలోపే ఆ రెండు పుల్లల్నీ అన్నంలోంచి తీశాడు. వాటికంటుకున్న మెతుకులు వేలితో తుడిచి, బల్ల మీద పడుకోబెట్టాడు. కాకా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, బయటికి వెళ్ళిపోయాడు. కాకా ఒకటే అడిగాడు:

"మొక్కుడైనంక పెట్టినాయననే తీస్తడా? నువ్వు గది చెప్పలే."

క్లర్కు నన్ను బయట వాటర్ కూలర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. తల గోక్కుంటూ చెప్పాడు. వాళ్ళలో చనిపోయినవాళ్ళ ముందు పెట్టే అన్నంలోనే పుల్లల్ని అలా గుచ్చుతారట. బతికున్నవాళ్ళ బల్ల మీద చిన్నపిల్లలు పొరపాటున అలా చేసినా చెయ్యి మీద ఒక్కటిస్తారట.

"షిఫూ వాళ్ళమ్మ సంగతి పెద్దాయనకు తెలుసా?"

"తెలుసు."

"మరి అలా చేయమని ఎవరు చెప్పారు?"

నాకు జవాబు తెలిసిన ప్రశ్న అది. ఆ రెండు రోజుల్లో అదొక్కటే.

"వాళ్ళ ఊళ్ళో అలా చేస్తారేమో" అన్నాను.

కాకా ఊరికీ మా ఊరికీ మధ్య ఎనిమిది కిలోమీటర్లు.

మిగిలిన వీడియో ఆ సాయంత్రం చూశాను. ఆరో నిమిషం తర్వాత వచ్చే మొట్టమొదటి సంగతి అదే. అన్నం గిన్నె, నిలబెట్టిన రెండు పుల్లలు, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు. ఇంకొక్క పావు నిమిషం ఓపిక పట్టి ఉంటే చాలు.

శనివారం పొద్దున్నే కాకా స్నానం చేసి, చెక్కను కొత్త తువ్వాలులో చుట్టి, రూమ్ గడప దగ్గర ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని కూర్చున్నాడు. బండి ఏడింటికన్నారు. ఆరున్నరైంది, ఏడైంది, ఏడున్నరైంది. డ్యూటీ బస్సు హారన్ కొడుతోంది. కాకా రెండేళ్ళలో మొదటిసారి లేటు. నేను రిజిస్టర్‌లో టైమ్‌కు వచ్చినట్టే రాశాను. నేను చేసిన సాయం అంతే. బస్సు డ్రైవర్ పఠాన్, కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరి కోసమని అడిగాడు.

"కిస్‌కా ఇంతజార్ హై, చాచా?"

"షిఫూ" అన్నాడు కాకా.

"వో తో కల్ షామ్ కో చలా గయా. మైనే హీ మస్కట్ ఛోడా."

నిన్న సాయంత్రమే వెళ్ళిపోయాడు, మస్కట్‌లో దింపింది కూడా ఈ డ్రైవరే. భోజనం బల్ల మీదినుంచి లేచి ఇంటికి ఫోన్ చేసి, ఎవరేం చెప్పినా మనసు నిలవక, దొరికిన మొదటి విమానానికి వెళ్ళిపోయాడట. క్లర్కు తర్వాత చెప్పాడు. కాకా తువ్వాలు మూట చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

"తల్లి బాగలేనోడు ఆగుతడా" అన్నాడు, ఎవరూ అడగకుండానే. "నేనైనా ఆగకపోతుంటి."

నాకు కాస్త ఊపిరాడింది. సరేలే, ఆయనే సర్దుకున్నాడు కదా అనుకున్నాను. వారం తర్వాత, మెస్‌లో పప్పన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి అడిగాడు:

"పిలగా, ఆ పుల్లలు నేను వంకరగ వెట్టిన్నా?"

"ఏ పుల్లలు?"

"గా పుల్లలే. ఒకటి జర పక్కకొరిగినట్టనిపిచ్చింది. గాయన లేచి తీసిండు సూడు. సరిగ నిలవెట్టకపోతే వాళ్ళల్ల ఏమన్న తప్పేమో."

బావ నా వైపు చూశాడు. ఆ రోజు బావ కూడా నవ్వలేదు. నేను, "లే కాకా, మంచిగనే పెట్టినవ్" అన్నాను. అది నిజమే. ఆయన పెట్టినంత నిటారుగా ఇంకెవరూ పెట్టలేరు.

తర్వాత మూడు నెలలు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే పెద్ద కారణమేమీ లేదు. మొదటి వారం భయం, రెండో వారం బద్ధకం, ఆ తర్వాత ఇంత ఆలస్యంగా చెబితే ఏం బాగుంటుందన్న మొహమాటం. మధ్యలో ఒకసారి క్లర్కు సిమెంటు లెక్కల కోసం వచ్చి, షిఫూ వాళ్ళమ్మ ఇంటికి వచ్చేసిందని, కర్ర పట్టుకుని నడుస్తోందని చెప్పాడు. ఎవరూ చావలేదు. నేను రూమ్‌కు పరిగెత్తి కాకాకు చెప్పాను. ఆయన దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. క్లర్కు వెళ్తూ వెళ్తూ, "పెద్దాయన ఎలా ఉన్నాడని షిఫూ అడిగాడు" అన్నాడు కూడా. "బాగున్నాడు" అన్నాను. ఆ మాట వెనకే ఇంకో మాట చేర్చి పంపితే సరిపోయేది, మోసేవాడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నేను సిమెంటు బస్తాలు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. తర్వాతి నెల అతన్ని సలాలా సైట్‌కు మార్చారు.

కాకాకు వీసా క్యాన్సిల్ అయి ఇంటికి వెళ్ళిపోయే ముందు చివరి శుక్రవారం, ఇద్దరం బహ్లా బజారుకు వెళ్ళాం. మనవరాలికి బొమ్మ, ఇంటికి ఖర్జూరం కొన్నాక, మలయాళీ కాఫీషాపులో పరోటా తింటూ మొత్తం చెప్పేశాను. వీడియో ఆరు నిమిషాల దగ్గర ఆపడం, అగరుబత్తులు చూసి కల్పించడం, పుల్లలకు వాళ్ళలో ఉన్న అర్థం, వాటర్ కూలర్ దగ్గర నేనన్న మాట. ఏదీ వదల్లేదు. మధ్యలో నవ్వించడానికి ఒకటి రెండు చోట్ల ప్రయత్నించాను కూడా. అలవాటు.

కాకా పరోటా తినడం ఆపలేదు. అంతా విన్నాక బాటిల్ ఎత్తి, ధారగా నీళ్ళు తాగి, మూత పెట్టాడు.

"నేను గప్పుడేం మొక్కిన్నో తెలుసా?" అన్నాడు.

"లే."

"గాయన తల్లి మంచిగ గావాలని మొక్కిన."

తిడతాడని ఎదురు చూశాను. తిడితే బాగుండు.

"గీ ముచ్చట గాయనకు చెప్పినవా?"

"లే కాకా."

"మరి నాకెందుకు చెప్తన్నవ్?"

"నీకు చెప్పాలె గదా..."

"నాకేమైంది? నేనైతే గాయన మంచికే మొక్కిన. గాయన ఏమనుకొని పోయిండో గది ఆలోచించు. రెండేండ్లు పక్కపొంటి పనిచేసినోడు తల్లి సావు కోరిండనుకొని పాయె."

"గట్ల అనుకోడు కాకా. నువ్వెట్లున్నవని అడిగిండు గూడ."

"అడిగిండా?" ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "ఎప్పుడు?"

చెప్పాను. రెండు నెలలైందని చెప్పాను. కాకా లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

వెళ్ళే రోజు సామాను కట్టుకుంటూ, తువ్వాలు మూట తీసి నా మంచం మీద పెట్టాడు.

"ఇది గాయనది. ఇచ్చుడు నీ పని. నేనేడ దేవులాడాలె?"

"కాకా, చైనా ఏడుందో నాకేమెరుక..."

"వాళ్ళ పద్ధతులన్ని ఎరుకున్నోనివి. గదెరుక లేదా?"

అన్నాళ్ళలో ఆయన నన్ను ఎద్దేవా చేయడం అదొక్కసారే. దాన్ని మించిన మాట నేను ఇంతవరకూ ఎవరి మీదా వేయలేదు.

ఆ సాయంత్రమే క్లర్కుకు ఇంగ్లీషులో పెద్ద మెసేజ్ రాశాను. తప్పు నాదని, పెద్దాయన మొక్కింది షిఫూ తల్లి కోసమని, ఆయన చేసిన వస్తువొకటి నా దగ్గరుందని, అడ్రస్ కావాలని. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది: బొటనవేలు బొమ్మ, పక్కన "సరే, చెబుతా". చెప్పాడో లేదో తెలియదు. ఇంకో రెండుసార్లు రాశాను. సలాలాలో పని ఎక్కువుందట. అడ్రస్ రాలేదు. కాకా ఊరి నుంచి నెలకోసారి ఫోన్ చేస్తాడు. బాగున్నవా అంటాడు, మెస్‌ల తిండెట్లుందంటాడు, చివర్లో "పోయిందా?" అంటాడు. "ఇంక పోలే కాకా" అంటాను. "సరె" అని పెట్టేస్తాడు.

చెక్క నా షెల్ఫ్ మీద ఉంది, దేవుడి పటం పక్కన. రూమ్‌కు కొత్తగా వచ్చినవాళ్ళు తీసి పట్టుకుని, పిడి ఇంత చిన్నగా ఉందేమని అడుగుతారు. నా చేతిలోనూ ఇమడదు, బావ చేతిలోనూ ఇమడదు. ఇక్కడి ఎండకు టేకు కూడా పగులుతుందని, నెలకోసారి నూనె రాయమని కాకా చెప్పి వెళ్ళాడు. రాస్తున్నాను. కొబ్బరినూనె, తలకు రాసుకునేదే. ఈ నెలది ఇంకా రాయలేదు.